మూడు నెలల మొగుడు

పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టగానే ఊలూతీ చేసే మొదటి పని చేతులు వెచ్చబెట్టుకోవడం. చల్లటి చేత్తో బిడ్డను తాకితే ఊరుకోనని కొత్త తల్లులందరికీ చెప్పే మనిషి మరి. మందపాటి తొడుగులు లాగేసి, పొయ్యి మీద మరుగుతున్న కేటిల్ దగ్గర రెండు అరచేతులూ కాచుకుంటూ అక్కడినుంచే పలకరింపు మొదలుపెట్టింది.

"అత్తగారూ, మా ఆయన లేచాడా?"

సోఫాలో బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చున్న లీటియాకు నిండా పాతికేళ్ళు లేవు. ఊలూతీకి మనవరాలి ఈడు. అయినా మొహం మాడ్చుకుని అచ్చం అత్తగారిలాగే జవాబిచ్చింది.

"రాత్రంతా నా ప్రాణం తోడేశాడు కోడలా. నీ మొగుణ్ణి నువ్వే తీసుకుపో. నావల్ల కాదు."

ఉత్తర ధ్రువానికి దగ్గరి ఆ మంచు ఊళ్ళో ఈ వరసలు ఎవరికీ వింత కాదు. ఊలూతీ భర్త అకుమాలిక్ పోయి రెండు చలికాలాలు గడిచాయి. లీటియా నెలలు నిండి ఉన్నప్పుడు ఆ ముసలాయన కలలోకి వచ్చి దాహంగా ఉందని మంచినీళ్ళు అడిగాడు. పోయినవాళ్ళు నీళ్ళు అడిగారంటే మళ్ళీ రావాలని ఉందన్నమాట, పేరు ఇమ్మని అడుగుతున్నారన్నమాట. పుట్టినవాడికి అకుమాలిక్ అని పెట్టారు. పేరు వచ్చాక దానితోపాటు చుట్టరికాలన్నీ వచ్చేశాయి. ఊలూతీకి వాడు మొగుడు, వాణ్ణి కన్న పిల్ల అత్తగారు. ఊళ్ళోని ముసలి వేటగాళ్ళు వచ్చి ఆ గుప్పెడు ప్రాణాన్ని "ఏం బావా, సీళ్ళ వేటకు ఎప్పుడు పోదాం?" అని అడిగి, వాడు ఆవలిస్తే ఒళ్ళు బరువెక్కిందని వెక్కిరించి పోతుంటారు. రెండేళ్ళుగా నవ్వు మరిచిపోయిన ఊలూతీ ఈ మూడు నెలల్లో నవ్విన నవ్వంతా ఆ ఇంట్లో నవ్విందే.

ఆమె నర్సింగ్ స్టేషన్ తరఫున పసిబిడ్డల ఇళ్ళకు తిరుగుతుంది, ఊరివాళ్ళ మాటను నర్సులకూ నర్సుల మాటను ఊరివాళ్ళకూ మార్చి చెబుతుంది. నర్సులు దక్షిణం నుంచి వస్తుంటారు, ఊరు అలవాటయ్యేలోగా వెళ్ళిపోతుంటారు. వాళ్ళకు చెప్పని సంగతులు తల్లులు ఊలూతీకి చెప్పుకుంటారు. పాలు చాలడం లేదనీ, ఇంట్లో మనుషులు ఎక్కువై బిడ్డను పడుకోబెట్టే చోటు లేదనీ, ఒక్కోసారి ఊరికే ఏడుపు వస్తోందనీ. శుక్రవారం శుక్రవారం వాళ్ళందరినీ పోగేసి, పెద్ద గిన్నెలో కరిబూ జింక ఎముకల పులుసు కాస్తూ, గుడ్డబొమ్మను చేతిలో పట్టుకుని పాఠం చెబుతుంది. బొమ్మ పక్కటెముకల కింద వేలు పెట్టి, "ఊపిరి పీల్చినప్పుడల్లా ఇక్కడ చర్మం లోపలికి పోతోందంటే ఇంక ఎవరి కోసమూ ఆగొద్దు. నా కోసం కూడా ఆగొద్దు. బిడ్డను వీపున వేసుకుని నడవండి," అంటుంది. ఆ మాట ఎన్ని శుక్రవారాలు చెప్పిందో లెక్కలేదు.

చేతులు వెచ్చబడ్డాక వచ్చి సోఫా పక్కన నేలమీద కూలబడింది. బిడ్డ ముక్కు కారుతోంది. రొమ్ము అందిస్తే పట్టుకున్నట్టే పట్టుకుని ఊపిరి కోసం వదిలేస్తున్నాడు. ఊలూతీ మాట్లాడకుండా చొక్కా పైకి తీసింది. పక్కటెముకల కింద చర్మం లోపలికి పోయి వస్తోంది. పోయి వస్తోంది. ముక్కుపుటాలు చిన్నగా ఎగురుతున్నాయి.

చొక్కా కిందికి దించి, మళ్ళీ తీసి చూసింది. రెండోసారి చూడాల్సిన పనేమీ లేదు.

"నర్సు దగ్గరికి పోతే విమానం ఎక్కిస్తారు కదూ?" అంది లీటియా.

ఊలూతీ కనుబొమలు ఎగరేసింది, ఔనన్నట్టు.

"వాడికి పడదు. నీకు తెలుసు కదా."

తెలుసు. ఊరందరికీ తెలుసు. కాన్పుకు ఆడవాళ్ళందరినీ తీసుకెళ్ళినట్టే లీటియానూ దక్షిణాదికి తీసుకెళ్ళారు. తిరుగు ప్రయాణంలో ఆ బొడ్డూడని బిడ్డ విమానం ఎక్కింది మొదలు దిగేదాకా గొంతు బొంగురుపోయేలా ఏడ్చాడు. రన్‌వే దగ్గర ఎదురుచూస్తున్న జనం సంగతి విని పకపకా నవ్వారు. ముసలోడు పేరు మార్చుకోలేదు, బుద్ధీ మార్చుకోలేదు అన్నారు. చిన్నప్పుడు ఊపిరితిత్తుల జబ్బని ముసలి అకుమాలిక్‌ను ఓడ ఎక్కించి తీసుకెళ్ళి, సొంత అమ్మ భాష మరిచిపోయేటంత కాలం అక్కడి ఆసుపత్రిలో ఉంచారు. ఆ తర్వాత ఇక ఊరు వదలనని భీష్మించుకు కూర్చున్నాడు. చివరి జబ్బులోనూ అంతే. నన్ను విమానం ఎక్కించకు అని ఊలూతీ చెయ్యి పట్టుకుని అడిగితే, ఎక్కించను అని మాట ఇచ్చింది. కిటికీ పక్కన, సముద్రపు మంచు కనబడేచోట, తన ఇంట్లోనే పోయాడు. ఆ మాట నిలబెట్టుకున్నందుకు ఊరంతా ఆమెను గౌరవించింది. ఆమె కూడా తనను తాను గౌరవించుకుంది.

"నువ్వే అడుగు. నీ మాటైతే వింటాడు," అంది లీటియా, బిడ్డను అందిస్తూ.

ఊలూతీ అందుకుని మొహానికి దగ్గరగా ఎత్తుకుంది. వేళాకోళం గొంతు కాదది, నిజంగానే అడిగింది. "ఏమయ్యా, పోదామా?"

బిడ్డ మొహం చిట్లించి, తల పక్కకు వాల్చి, ఆమె స్వెటర్‌లోకి ముక్కు దూర్చి మూలిగాడు. జలుబు చేసిన ఏ బిడ్డయినా అదే చేస్తుంది. ఊలూతీకి మాత్రం, వద్దు అని మొహం తిప్పుకునే తన ముసలివాడే కనిపించాడు.

అప్పుడే ఊరి మీదుగా విమానం మోత వినబడింది. సరుకులు దించి మధ్యాహ్నానికి వెనక్కిపోయే విమానం. ఆకాశం ఒక్క మరక లేకుండా ఉంది. ఇద్దరూ తల ఎత్తి విన్నారు, మోత రన్‌వే వైపు దిగిపోయేదాకా.

"రేపటిదాకా చూద్దాంలే," అంది ఊలూతీ.

లీటియా మొహం ఒక్కసారిగా తేలికపడింది.

ఇక చేయగలిగిందంతా చేసింది. ఉప్పునీళ్ళలో మెత్తటి గుడ్డ కొస ముంచి బిడ్డ ముక్కు శుభ్రం చేసింది. నిటారుగా భుజాన వేసుకుని గదంతా తిరిగింది. లీటియా చేత వేడివేడి చేప పులుసు తాగించింది. గుమ్మం దగ్గర సిగరెట్ కాలుస్తున్న బిడ్డ మేనమామను నాలుగు తిట్టి మంచులోకి తరిమింది. మూడేళ్ళ పెద్దపిల్ల పుడ్లూ కాళ్ళకు అడ్డం పడుతుంటే దాని చేతికి బానక్ రొట్టె ముక్క ఇచ్చి ఓ మూల కూర్చోబెట్టింది. సాయంత్రానికి బిడ్డ కొంచెం పాలు తాగి నిద్రపోయాడు. చూశావా, ఊరికే హడావిడి పడ్డాం అని తనకు తానే చెప్పుకుని ఇంటికి నడిచింది. విమానం అప్పటికి ఎప్పుడో వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి గాలి లేచింది. ఎదురింటి దీపం కనబడడం మానేసింది. ఊలూతీ ఒక్కో ఇంటి గోడ తడుముకుంటూ లీటియా ఇంటికి చేరేసరికి మేనమామ తలుపు తీసి, లీటియా పొద్దున్నే బిడ్డను వీపున వేసుకుని నర్సింగ్ స్టేషన్‌కు వెళ్ళిపోయిందని చెప్పాడు. ఎవరినీ లేపలేదట, బండి కూడా అడగలేదట.

నర్సింగ్ స్టేషన్‌లో గ్వెన్ అనే నర్సు ఒక్కతే ఉంది. వచ్చి ఏడాది కాలేదు. మంచి మనిషే. ఊళ్ళో పిల్లలందరి పేర్లూ నేర్చుకోవాలని తంటాలు పడే మనిషి. బిడ్డ మొహాన చిన్న మాస్కు పెట్టి పట్టుకుని, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎక్కడో ఉన్న డాక్టరుతో మాట్లాడుతోంది. బిడ్డ పెదాలు నీలంగా మారి ఉన్నాయి. విమానం సిద్ధంగా ఉందట, ఈ గాలిలో దిగలేదట. గాలి తగ్గగానే వస్తారట. గ్వెన్ ఫోను పెట్టి, బిడ్డ మీదనుంచి చూపు తిప్పకుండానే అంది.

"నిన్న ఎందుకు తీసుకురాలేదో అడుగు, ఊలూతీ. నిన్న ఆకాశం బాగుంది కదా. నిన్న అయితే విమానం వచ్చేది."

లీటియా బడిలో చదువుకున్న పిల్ల. నర్సు భాష ఆమెకు బాగా వచ్చు. ప్రశ్న ఊలూతీ నోట్లోంచి రాకముందే ఆమెకు అర్థమైపోయింది. అయినా అడిగేదాకా ఆగింది. ఊలూతీ అడగాలి, తప్పదు. నిన్నటి సంగతి తెలిసిన నోటితోనే, తెలియనట్టు అడగాలి. అడిగింది. లీటియా బూట్ల నుంచి కరిగి నేలమీద మడుగు కట్టిన మంచునీళ్ళను చూస్తూ తమ భాషలోనే చెప్పింది.

"జలుబే అనుకున్నానని చెప్పు."

ఊలూతీ ఆమె వైపు చూసింది. లీటియా తల ఎత్తలేదు. 

"జలుబే అనుకుందట," అంది ఊలూతీ.

గ్వెన్ పెదవి కొరుక్కుంది.  అననిదేమిటో మొహాన కనబడుతూనే ఉంది. ఇంత చెప్పినా ఈ పిల్లలకు ఎక్కదు అని. అంత మాటా ఆ పిల్ల తలవంచుకుని మోసింది. ఎవరిదో తప్పు ఎవరో మోస్తుంటే, మోయించినవాళ్ళు పక్కనే నిలబడి చూడడం లోకంలో కొత్తేమీ కాదు. కానీ ఊలూతీకి అది కొత్త. నోరు తెరవాలనుకుంది. బిడ్డ మాస్కు పట్టుకోమని గ్వెన్ పిలిస్తే పట్టుకుంది. నోరు మాత్రం తెరవలేదు.

మధ్యాహ్నం దాటాక బిడ్డ ఊపిరి తీసుకుని తీసుకుని అలిసిపోయాడు. గ్వెన్ మాస్కుకు తగిలించిన గాలిసంచిని చేత్తో నొక్కి నొక్కి గాలి పంపింది.  చివరికి ఫోనులో డాక్టరు గొంతు మెల్లగా, ఇక చాలమ్మా, ఆపెయ్యి అంది. అప్పుడూ ఆమె మరికొంతసేపు నొక్కింది.

లీటియా ఏడవలేదు. బిడ్డను తీసుకుని దుప్పటి చుట్టి, అలవాటైన చేతులతో తన అమౌతి కోటు వీపు సంచీలోకి జారవిడుచుకుంది. ఇంటికి పోవడానికి సిద్ధమైనట్టు. తర్వాత, వీపున బిడ్డ ఉన్న తల్లులందరిలాగే ఆ పక్కకూ ఈ పక్కకూ మెల్లగా ఊగుతూ నిలబడింది. వద్దని చెప్పడం ఎవరి వల్లా కాలేదు. ఊలూతీ వెనక నిలబడి కోటు టోపీ పైకి లాగి, బిడ్డ తలకు గాలి తగలకుండా సర్దింది. 

మర్నాడు కూడా గాలి అలాగే ఉంది. ఊలూతీ నర్సింగ్ స్టేషన్‌కు వెళ్ళేసరికి గ్వెన్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఊలూతీ ముందు టీ కప్పు పెట్టి, ఎదురుగా కూర్చుని, చెప్పాల్సిన మాట చెప్పడానికి తంటాలు పడింది. బిడ్డ పోయిన సంగతి పైవాళ్ళకు చెప్పిందట. తల్లి ఒకరోజు ఆలస్యం చేసిందని కూడా చెప్పాల్సి వచ్చిందట. ఇంట్లో ఇంకో పిల్ల ఉందా అని అడిగారట. గాలి తగ్గాక పిల్లల సంక్షేమం వాళ్ళు ఎవరో వచ్చి పుడ్లూను చూస్తారట. బహుశా కొన్నాళ్ళు వేరే ఎవరి దగ్గరైనా ఉంచాలంటారేమో.

"వేరే ఎవరి దగ్గరంటే ఈ ఊళ్ళోనా?" అని అడిగింది ఊలూతీ.

గ్వెన్ కప్పులోకి చూసింది.

ఊలూతీ టీ పక్కకు జరిపింది. రాత్రంతా కళ్ళు మూతపడక కూర్చుని తానేమి అనుకుందో అదంతా ఎగిరిపోయింది. ఒక్క మాటే మిగిలింది.

"ఆగమన్నది నేను."

గ్వెన్‌కు అర్థం కాలేదు. ఊలూతీ మళ్ళీ చెప్పింది. మొన్న ఆ ఇంటికి వెళ్ళాననీ, చొక్కా తీసి చూశాననీ, ఒకసారి కాదు రెండుసార్లు చూశాననీ, చర్మం లోపలికి పోవడం తన కళ్ళతో చూసి, విమానం మోత చెవులతో వింటూ, రేపటిదాకా చూద్దాం అన్నది తానేననీ. ఆ పిల్ల మొన్న తనను అడిగిందనీ, నిన్న తనను కాపాడిందనీ.

"నువ్వా?" అంది గ్వెన్. "నువ్వే కదా వాళ్ళందరికీ నేర్పేది. ఎందుకు?"

వాడు నా మొగుడు అని చెబుదామనుకుంది. ఆ మాట ఆ గదిలో, ఆ భాషలో ఎలా నిలబడుతుంది? నేను మాట ఇచ్చాను అని చెబుదామనుకుంది. ఎవరికిచ్చావు అంటుంది. మాట కోసమే ఆగమన్నాననడం కూడా తాను తనకు చెప్పుకున్నదే తప్ప నిజం కాదేమో అని మొదటిసారి అనిపించింది.

"భయం వేసింది," అంది చివరికి. "వాడికి కాదు. నాకు."

 ఇది నేను పైకి చెప్పక తప్పదు అంది గ్వెన్, ఏడుపు గొంతుతో. చెప్పాలనే చెప్పాను అంది ఊలూతీ. గుడ్డబొమ్మా, బిడ్డల పొడవు కొలిచే టేపూ ఉన్న తన సంచిని బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని బయటికి నడిచింది. ఇక ఇళ్ళకు తిరగొద్దని ఆ సాయంత్రమే మాట వచ్చింది. పుడ్లూ జోలికి ఎవరూ రారని కూడా గ్వెన్ ఆ గాలిలోనే ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళింది. ఊలూతీ ఆమె చేతులు పట్టుకుని వెచ్చబడేదాకా వదల్లేదు.

గాలి ఆగిన రోజు ఎండ కళ్ళు తెరవనివ్వలేదు. గని పనికి వెళ్ళిన బిడ్డ తండ్రి మొదటి విమానంలో వచ్చాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ వరసకట్టి ఇంటివాళ్ళతో చేతులు కలిపారు. ఊరి లెక్కలో ఊలూతీ కూడా ఇంటిమనిషే, రెండోసారి మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి. ఆమె నర్సుతో ఏమి చెప్పిందో అప్పటికి ఊరందరికీ తెలుసు. అయినా ఒక్కరూ చేయి కలపకుండా దాటిపోలేదు. ముసలి వేటగాళ్ళు వచ్చి, "మళ్ళీ వెళ్ళిపోయాడమ్మా, ఈసారి కూడా తన ఇష్టప్రకారమే," అన్నారు. ఓదార్పుగానే అన్నారు. ఒక్కరైనా తిడితే బాగుండునని ఊలూతీ చూసింది. ఎవరూ తిట్టలేదు. ఆ మెత్తటి చేతులన్నీ కలిపి మోయలేనంత బరువయ్యాయి.

ఆ నేలలో చలికాలం గొయ్యి తవ్వడం కుదరదు. నేల గట్టిపడకముందే, ఎవరి కోసమో తెలియకుండా, కొన్ని తవ్వి ఉంచుతారు. తవ్వేవాళ్ళు పెద్దవాళ్ళ కొలతకే తవ్వుతారు. బిడ్డ తండ్రి పెట్టెను రెండు చేతులతో కూడా కాదు, ఒక్క చంకలో పెట్టుకుని మంచులో నడిచి వచ్చాడు. ముసలి అకుమాలిక్‌ను తేవడానికి స్లెడ్జి బండి కావలసివచ్చింది, ఆరుగురు మగవాళ్ళు పట్టవలసివచ్చింది. అందులో ఒకడు జారిపడితే, ముసలోడు పోయినా మనల్ని పడగొడుతున్నాడని నవ్వుకున్నారు కూడా. ఇది చంకలో ఇమిడింది. గోతిలోకి దించాక చుట్టూ ఎంత చోటు మిగిలిందో ఊలూతీ చూసింది.

వీడు ఓడ ఎక్కలేదు. వీణ్ణి ఎవరూ అమ్మ దగ్గరనుంచి ఎత్తుకుపోలేదు. వీడికి విమానమంటే చెవుల్లో నొప్పి, అంతే. దేనికైనా భయపడేటంత కాలం వీడు బతకలేదు.

లీటియా వచ్చి పక్కన నిలబడింది. వీపు సంచీ ఖాళీగా వేలాడుతున్న అదే అమౌతి కోటు తొడుక్కుంది.

"నర్సుకు ఎందుకు చెప్పావు? నిన్ను చెప్పమన్నానా?" అంది మెల్లగా.

"నీ కూతుర్ని తీసుకుపోయేవాళ్ళు."

 "జబ్బు సంగతి నాకూ తెలుసు," అంది లీటియా. "శుక్రవారాలు నేనూ వచ్చేదాన్ని కదా. చర్మం లోపలికి పోవడం ఆ రోజు పొద్దున్నే, నువ్వు రాకముందే చూశాను. ఎవరి కోసమూ ఆగొద్దన్నావు. నేను నీ కోసం ఆగాను. నువ్వైతే ఆగమంటావని. మళ్ళీ ఒక్కదాన్నే ఆ దక్షిణాదికి పోలేక."

"నువ్వు బిడ్డను చూపించావు," అంది ఊలూతీ. "నేను మొగుణ్ణి చూశాను."

 క్షమించానని లీటియా అనలేదు. గోతి అంచున మగవాళ్ళు పారలు పట్టుకుని, ఆడవాళ్ళ మాటలు అయ్యేదాకా ఆగి, దూరంగా సముద్రం వైపు చూస్తున్నారు.

"ఎవరూ లేనప్పుడు వాణ్ణి నేను ఆ పేరుతో పిలిచేదాన్ని కాదు," అంది లీటియా.

ఊలూతీ తిరిగి చూసింది.

"తుమ్ములోడా అనేదాన్ని. బయటికి వచ్చి కోటు టోపీ తియ్యగానే, మొహాన ఎండ పడగానే తుమ్మేవాడు. ప్రతిసారీ తుమ్మేవాడు. ఒకటి తుమ్మి, ఇంకోటి వస్తుందేమోనని నోరు తెరిచి అలాగే ఉండేవాడు." ఆమె చెయ్యి వెనక్కి పోయి ఖాళీ సంచీని తడిమింది.  "నీకు చెప్పలేదు. నువ్వు బాధపడతావేమోనని."

ఊలూతీకి తెలియదు. మూడు నెలల్లో ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళిందో. ఆ బిడ్డను ఎంతసేపు ఎత్తుకుందో. ఆ కళ్ళలో, ఆ నుదుట, ఆ మూతివిరుపులో ముసలివాడి పోలికలే వెతుక్కుంది. తుమ్మడం ఒక్కసారి కూడా చూడలేదు.

మోకాళ్ళ మీద కూర్చుంది. కిందికి వంగి పిలిచింది.

"తుమ్ములోడా."

మంచు మీద పడి తిరిగి లేచిన ఎండ సూటిగా గోతిలోకి, ఆ చిన్న పెట్టె మీదికి పడుతోంది. ఇద్దరాడవాళ్ళూ కదలకుండా, తుమ్ము వినబడుతుందేమోనన్నట్టు, కాసేపు అలాగే ఉండిపోయారు.